చావుకీ కొలిమికీ పేరుపడ్డ దేశం: ఆ ఊహను నిలబెట్టేదేమిటి?

ఫాంటసీ కథల్లో, ఆటల్లో పదేపదే ఎదురయ్యే దేశం ఒకటుంది. చుట్టూ కొండలు. ఇళ్లకన్నా సమాధులు ఎక్కువ. అక్కడి జనం చనిపోయినవాళ్లను దేవుళ్లతో సమానంగా చూస్తారు. కొన్ని కథల్లో శవాలను లేపి పనికి కూడా పెడతారు. పొరుగు దేశాలవాళ్లు చీకటి పడ్డాక ఆ దేశం పేరెత్తరు. కానీ ఆ పొరుగు రాజు నడుముకి వేలాడే కత్తి అక్కడిదే, తలమీది కిరీటం అక్కడిదే, గుడి గంట కూడా అక్కడ పోతపోసిందే. ఎంత భయపడతారో అంత మోజూ పడతారు.

ఇలాంటి దేశాన్ని సృష్టించే రచయితలు చాలామంది మృత్యువునీ లోహాన్నీ పక్కపక్కన పెట్టి వదిలేస్తారు. ఒకటి కథకి చీకటి వాతావరణం ఇస్తుంది, రెండోది సరుకు ఇస్తుంది. అలా కట్టిన దేశం కాసేపటికే పలచబడిపోతుంది, ఎందుకంటే పాఠకుడికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: చావును కొలిచేవాళ్లకే ఇంత మంచి లోహపు పని ఎందుకు చేతనైంది? పక్క దేశంలో రైతులకో నావికులకో ఎందుకు రాలేదు? జవాబు లేకపోతే ఆ రెండూ ఒకే గోడకి తగిలించిన రెండు బొమ్మలు, అంతే.

జవాబు వెతకడానికి మాయల దాకా పోనక్కర్లేదు. మనుషుల చరిత్రలో చావు, లోహం ఎన్నోసార్లు ఒకే చేతిలోకి వచ్చాయి. అవి ఎలా కలిశాయో చూస్తే, ఆ కల్పిత దేశంలో లోహానికి అంత విలువ తెచ్చిపెట్టేది చావేనని తెలుస్తుంది.

కమ్మరే కాటి పని చేసేవాడు

కామెరూన్, నైజీరియా సరిహద్దుల్లో మందారా కొండలున్నాయి. అక్కడి కప్సికి, మఫా లాంటి సమాజాల్లో కమ్మరి కుటుంబాలు తరతరాలుగా వేరే వర్గంగా ఉంటూ వచ్చాయి. ఇనుము కాచేదీ వాళ్లే, శవాన్ని ముట్టుకుని, సిద్ధం చేసి, పూడ్చేదీ వాళ్లే. కప్సికిల్లో అయితే అలంకరించిన శవాన్ని కమ్మరి భుజాల మీదికి ఎత్తుకుని నాట్యం చేస్తాడు. ఇత్తడి పోతపోయడం, జోస్యం చెప్పడం, మందులివ్వడం కూడా ఆ కుటుంబాల పనే, కుండలు చేసేది ఆ ఇళ్ల ఆడవాళ్లు. మిగతావాళ్లు వాళ్లతో పెళ్లి సంబంధం కలుపుకోరు, ఒకే గిన్నెలో తినరు. అయినా పొలానికి పార కావాలన్నా, పెళ్లికి నగ కావాలన్నా, ఇంట్లో ఎవరైనా పోయినా వాళ్ల గుమ్మం తొక్కాల్సిందే.

కల్పిత దేశానికి ఇంతకన్నా మంచి పునాది దొరకదు. శవాన్ని ముట్టుకోవడానికి మిగతావాళ్లకు భయం. మట్టిరాయిని నిప్పులో పెట్టి లోహంగా మార్చడం అన్నా భయమే. రెండు చోట్లా ఒక వస్తువు తన పాత రూపం వదిలి ఇంకొకటిగా మారుతుంది, ఆ మార్పు దగ్గర నిలబడే ధైర్యం కొందరికే ఉంటుంది. అలా రెండు పనులూ ఒకే కుటుంబానికి చేరతాయి. వాళ్లు బయటివాళ్లను పెళ్లాడరు కాబట్టి పని రహస్యం బయటికి పోదు. బయటివాళ్లకు వాళ్ల చెయ్యి తగిలితే మైల కాబట్టి ఆ రహస్యాన్ని దొంగిలించడానికి ఎవరూ దగ్గరికి రారు. పది, పదిహేను తరాలు ఇలాగే గడిస్తే ఆ చేతిపని ఎంత ఎత్తుకి చేరుతుందో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆ వర్గాన్ని ఊరికి ఒక కుటుంబంగా కాకుండా ఒక దేశమంత చేస్తే, మొదట చెప్పుకున్న దేశం వస్తుంది. ఒక ఊరు తన కమ్మరిని ఎలా చూసిందో, చుట్టుపక్కల రాజ్యాలు ఆ దేశాన్ని అలాగే చూస్తాయి: కలిసి భోంచెయ్యరు, కానీ అది లేకుండా బతకలేరు.

జపాన్‌లో ఈ ముడి దేవతలోనే కనిపిస్తుంది. నల్లటి ఇనుప ఇసుకను బొగ్గుతో కాచి ఉక్కు తీసే తతారా కొలుములకు కనయాగో అనే దేవత ఉంది. షింటో సంప్రదాయంలో చావు పెద్ద మైల, గుళ్లు దాన్ని దూరంగా ఉంచుతాయి. ఈ దేవతకు మాత్రం ఆ మైల పట్టదని, పైగా ఇష్టమని జానపద కథలు చెబుతాయి. ఇనుము సరిగ్గా దిగనప్పుడు, కొలిమిని నడిపిస్తూ చనిపోయిన పెద్దమనిషి శవాన్ని కొలిమిశాల స్తంభానికి ఆనించి నిలబెడితే మళ్లీ బాగా దిగిందని ఒక కథ. బతికుండగా కొలిమిని నడిపినవాడు పోయాక కూడా డ్యూటీ దిగలేదన్నమాట. ఫాంటసీ రచయిత కష్టపడి కల్పించే దృశ్యాన్ని అక్కడి పనివాళ్లు ఎప్పుడో చెప్పుకున్నారు.

అదే దేశంలో ఎడో కాలంలో (1603–1868) కత్తి పదును చూడటానికి మరణశిక్ష పడ్డ నేరస్థుల శవాలను వాడేవారు. ఆ పని చేసే పెద్దలు యమద అసాయెమోన్ అనే పేరుని తరం తర్వాత తరం మోశారు. శవం ఏ భాగంలో, ఎన్ని శవాలు ఒకేసారి తెగాయో కత్తి అడుగుభాగం మీద, పిడిలో దాగిపోయే చోట చెక్కేవారు, కొన్నిటి మీద ఆ అక్షరాలను బంగారంతో పొదిగేవారు. కత్తి ధరని ఆ రాత పెంచేది. చావు ఇక్కడ నాణ్యతకు ముద్ర. కల్పిత దేశంలో కత్తుల మీద వేసే ముద్ర గురించి ఆలోచించేవాళ్లు దీన్ని దాటి చాలా దూరం వెళ్లలేరు.

కట్టెల లెక్క

ఆ దేశంలో సమాధులెందుకు? దహనం ఎందుకు చెయ్యరు? సాధారణంగా దీనికి మతపరమైన కారణం చెప్పి వదిలేస్తారు. కానీ కొలుములున్న దేశంలో అసలు కారణం కట్టెలు అయ్యుండొచ్చు.

తతారా పద్ధతిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కొలిమి ఆరకుండా నడిపితే సుమారు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల బొగ్గు ఖర్చవుతాయి. చేతికొచ్చేది రెండున్నర టన్నుల ముద్ద. అందులో మేలైన ఉక్కు సగం కూడా ఉండదు. 12 టన్నుల బొగ్గు కావాలంటే ఎంత అడవి నరకాలో చూడండి: కట్టెలో ఐదో వంతు బొగ్గుగా మిగిలిందనుకున్నా 60 టన్నులు. ఒక చితికి 400 కిలోల కట్టెలు అనుకుంటే, అదే కట్టెతో 80 కిలోల బొగ్గు, దానితో పదిహేను కిలోలకు పైగా పచ్చి ముద్ద వస్తుంది. మలినాలు పోగా, సమ్మెట దెబ్బలకు రాలిపోయింది పోగా ఒకటో రెండో మంచి కత్తులు. అంటే దహనం చేసిన ప్రతిసారీ ఆ దేశం ఒకటో రెండో కత్తుల్ని కాల్చేసుకున్నట్టే.

లక్ష మంది జనాభా, ఏటా వెయ్యికి 30 మంది చొప్పున మరణాలు అనుకుందాం. 3,000 చితులు, 1,200 టన్నుల కట్టె. కొండ దేశంలో అడవి అంత త్వరగా తిరిగి పెరగదు. కొన్ని తరాల్లోనే పూడ్చడం ఆచారమవుతుంది, ఆ తర్వాత ధర్మమవుతుంది, చివరికి చితి పేర్చడమే పాపమవుతుంది. ఇలా వచ్చిన మతానికి బలముంటుంది, ఎందుకంటే దాని వెనకాల ఆకలి ఉంది.

భూమిలోకి పోయే లోహం

ఇక్కడినుంచి అసలు విషయం మొదలవుతుంది. పూడ్చే సమాజాలు చాలాసార్లు లోహాన్ని కూడా పూడ్చాయి.

బల్గేరియాలోని వర్నా దగ్గర 1972లో బయటపడ్డ శ్మశానం సుమారు క్రీ.పూ. 4600–4300 మధ్య కాలానిది. దాదాపు 300 సమాధుల్లో 3,000 దాకా బంగారు వస్తువులు, మొత్తం ఆరు కిలోల బరువు. ప్రపంచంలో ఇంత పెద్ద మొత్తంలో బంగారపు పని కనిపించే అతి పాత చోట్లలో ఇదొకటి. అందులో కొన్ని సమాధుల్లో మనిషే లేడు. శవం లేదు, బంగారం మాత్రం మిగతా చాలా సమాధులకన్నా ఎక్కువగా ఉంది. చైనాలోని అన్‌యాంగ్‌లో 1976లో తవ్విన ఫు హావో రాణి సమాధిలో 468 కంచు వస్తువులు దొరికాయి, ఆమె చనిపోయింది సుమారు క్రీ.పూ. 1200 ప్రాంతంలో. చైనాలోనే హుబేలో, జెంగ్ రాజ్యాన్ని ఏలిన యీ అనే ప్రభువు సమాధిలో 65 కంచు గంటలు. దాదాపు ప్రతి గంటకీ రెండు స్వరాలు, మధ్యలో కొడితే ఒకటి, పక్కన కొడితే ఇంకొకటి. ఇంత సూక్ష్మంగా పోతపోసిన గంటల్ని భూమిలో పెట్టి మట్టి కప్పేశారు.

ఇది పిచ్చిపని అనిపిస్తుంది. కానీ లోహానికి ఒక గుణం ఉంది: విరిగినా, అరిగినా అది మళ్లీ కరుగుతుంది. భూమి మీద ఉన్న లోహం తిరిగి కొలిమికి చేరుతుంది. తాతల కాలం నాటి గిన్నె మనవడి కాలంలో కత్తి అవుతుంది. అలా తిరుగుతూ పోతే కొన్ని తరాలకు కొత్త లోహం అవసరమే తగ్గిపోతుంది, పనివాడి దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గుతారు, చేతిపని మొద్దుబారుతుంది. లోహం సమాధిలోకి వెళ్లిపోయే దేశంలో ఇలా జరగదు. మన లెక్కలోని 3,000 మరణాల్లో సగం పసిపిల్లలవే అనుకుని పెద్దవాళ్లకు మాత్రమే తలా 400 గ్రాముల లోహం పెట్టినా ఏటా 600 కిలోలు భూమిలోకి పోతుంది. వందేళ్లకు 60 టన్నులు. గని ఎప్పుడూ నడవాలి, కొలిమి ఎప్పుడూ మండాలి, కొత్త పనివాళ్లు ఎప్పుడూ తయారవుతూనే ఉండాలి. ఆగని పని వల్లనే ఆ నైపుణ్యం.

దీన్నుంచి ఇంకో విషయం తేలుతుంది, కథకి చాలా పనికొచ్చేది. అత్యుత్తమమైన పని చనిపోయినవాళ్లకు వెళుతుంది. పొరుగు రాజు సగం ఖజానా పోసి కొన్న కత్తి ఆ దేశంలో రెండో రకం సరుకు, ఏ శవం పక్కనా పెట్టడానికి తగదని కమ్మరి పక్కన పడేసింది. ఆ సంగతి రాజుకి తెలియకపోవచ్చు. తెలిసిన రోజున ఏం జరుగుతుందన్నదే ఒక పెద్ద కథ.

చరిత్రలో నిలిచేది కూడా సమాధిలోని లోహమే. 1965లో హుబేలో ఒక సమాధి నుంచి బయటికి తీసిన చైనాలోని పాత యువే రాజ్యపు రాజు గౌజియాన్ కంచు కత్తి 2,400 ఏళ్లు దాటినా పదును పోగొట్టుకోలేదు, ఒరలో గట్టిగా బిగిసి, గాలి తగలని సమాధిలో పడుండటం దాన్ని కాపాడింది. అదే కాలంలో యుద్ధాల్లో తిరిగిన కత్తుల్లో చాలావరకు విరిగి, కరిగి, ఇంకేదో అయిపోయి ఉంటాయి. వెయ్యేళ్ల తర్వాత ఆ కల్పిత దేశం గురించి మాట్లాడుకునేవాళ్లకు దాని చావు, దాని లోహం విడదీయరానివిగా కనిపిస్తాయంటే, మిగిలింది సమాధుల్లో ఉన్నదే కాబట్టి.

సమాధుల్లో 60 టన్నులున్న చోట దొంగలుండరా? ఉంటారు, వాళ్లు బయటివాళ్లే కానక్కర్లేదు. ఈజిప్టులో తొమ్మిదో రామెసెస్ కాలంలో, అంటే క్రీ.పూ. 1100కి కాస్త ముందు, రాజుల సమాధులు దోచినవాళ్ల విచారణ పత్రాలు మిగిలాయి. ఒప్పుకున్నవాళ్లలో రాళ్లు చెక్కే పనివాళ్లున్నారు. సోబెకెమ్‌సాఫ్ అనే రాజు సమాధి నుంచి 160 దెబెన్ల బంగారం తీసి పంచుకున్నామని చెప్పారు. దెబెన్ అంటే సుమారు 91 గ్రాములు కాబట్టి అది 14 కిలోలు దాటుతుంది. సమాధి లోపలి దారి తెలిసేది దాన్ని కట్టినవాడికే. కల్పిత దేశంలో సమాధి దోపిడీ కథ రాసేటప్పుడు తాళాలు, శాపాలకన్నా ముందు పనివాడి కూలి ఎంతో తేల్చాలి.

రోమన్లు వేరే దారి పట్టారు. క్రీ.పూ. 450 ప్రాంతపు పన్నెండు పట్టికల చట్టం శవంతో బంగారం పెట్టకూడదంది. ఒక్క మినహాయింపు: బంగారు తీగతో పళ్లు కట్టించుకున్నవాళ్లను ఆ బంగారంతోనే పూడ్చొచ్చు, కాల్చొచ్చు. శవం నోట్లోంచి పళ్లు పీకే దాకా వెళ్లొద్దని చట్టం చెప్పాల్సి వచ్చిందంటే భూమిలోకి పోయే బంగారం మీద ఎంత టెన్షన్ ఉండేదో తెలుస్తుంది. కల్పిత దేశానికి పక్కనే ఇలాంటి చట్టమున్న రాజ్యం ఒకటుంటే చాలు, రెండిటికీ మధ్య గొడవ దానంతటదే పుడుతుంది. ఒకళ్ల ధర్మం ఇంకొకళ్లకు సంపదని మట్టిపాలు చెయ్యడం.

ఐరోపాలో ఇనుప యుగపు ప్రజలు కొందరు కత్తిని సమాధిలో పెట్టేముందు వంచేసేవారు. కొన్నిటిని మడత పెట్టినట్టు రెండుగా ముడిచారు. మనిషితోపాటు కత్తి కూడా చావాలన్నది దానికి ఎక్కువమంది చెప్పే అర్థం. దొంగకు పనికిరాకుండా పోవడం కూడా దాని ఫలితమే. వంచిన కత్తిని మళ్లీ నిటారు చెయ్యాలంటే కాల్చాలి, కాలిస్తే పాత పదును పోతుంది. కథలో ఒక వ్యాపారి కత్తిని వెలుతురుకి ఎత్తిపట్టి, నడుమ దగ్గర సన్నటి మడత గీత కోసం వెతుకుతున్నాడంటే, అది సమాధి నుంచి వచ్చిందా అని చూస్తున్నాడన్నమాట.

ఎముకలు కొలిమిలో ఏం చేస్తాయి

ఇలాంటి దేశాల గురించి రాసేటప్పుడు ఎముకల్ని అలంకారానికి వాడటం మామూలు: పుర్రెల గుమ్మాలు, ఎముకల సింహాసనాలు. లోహం పనిలో ఎముకకు నిజంగానే చోటుంది, అది ఆ అలంకారాలన్నిటికన్నా భయపెట్టేది.

వెండి చాలాసార్లు సీసంతో కలిసి దొరుకుతుంది. వేరు చెయ్యడానికి పాతకాలం నుంచి ఉన్న పద్ధతి ఇది. కాల్చిన ఎముకల బూడిదను తడిపి, అచ్చులో నొక్కి, చిన్న గిన్నెలా చేసి ఆరబెడతారు. అందులో సీసం, వెండి కలిసిన ముద్దను వేసి బాగా వేడి చేస్తూ గాలి తగలనిస్తారు. సీసం గాలితో కలిసి ఆక్సైడ్‌గా మారి కరుగుతుంది, ఎముకల గిన్నె దాన్ని స్పంజీలా పీల్చుకుంటుంది. వెండి గాలితో కలవదు కాబట్టి అడుగున చుక్కలా మిగిలిపోతుంది. మామూలు మట్టి గిన్నె అయితే సీసపు ఆక్సైడ్ మట్టిలోని ఇసుకతో కలిసి గాజులా మారి గిన్నెనే తినేస్తుంది. ఎముక బూడిదలో ఉండేది ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేట్, దానికి ఆ ఇబ్బంది లేదు. వెండి, బంగారం స్వచ్ఛత చూసే పరీక్షల్లో ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు.

ఇనుము విషయంలోనూ ఎముకకు పనుంది. మెత్తటి ఇనుమును ఎముకల బొగ్గుతో కలిపి పెట్టెలో మూసి, ఎర్రగా కాలుతుండగా గంటల తరబడి ఉంచితే బొగ్గులోని కార్బన్ ఇనుము పైపొరలోకి దిగుతుంది. లోపల మెత్తగా, విరక్కుండా ఉంటుంది, పైన ఉక్కులా గట్టిపడుతుంది. తుపాకుల భాగాలను చాలాకాలం ఇలాగే గట్టిపరిచారు. స్కాండినేవియాలో పాతకాలపు కమ్మరులు జంతువుల ఎముకలతోపాటు మనుషుల ఎముకల్ని కూడా ఇలా వాడి ఉండొచ్చని కొందరు పరిశోధకులు వాదించారు.

కల్పిత దేశానికి అన్వయిస్తే ఏమవుతుంది? తాత ఎముకల్లోని కార్బన్ మనవడి కత్తి అంచులోకి దిగుతుంది. ఇది ఉపమానం కాదు, పదార్థం నిజంగా అటునుంచి ఇటు వెళుతుంది. అలాంటి కత్తిని వంశం పేరుతో పిలవడం, దాని మీద ప్రమాణం చెయ్యడం, అది విరిగితే మళ్లీ దుఃఖం పాటించడం అన్నీ సహజంగా వస్తాయి. మంత్రం పేరెత్తకుండానే ఆ కత్తికి ప్రాణముందని పాఠకుడు నమ్ముతాడు. చనిపోయినవాళ్లను గౌరవించే జనం వాళ్ల ఎముకల్ని ఎలా కాలుస్తారన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది, ఆ దేశంలో మతభేదాలు కూడా ఇక్కడే మొదలవ్వాలి. ఎముకల్ని కదిలించకూడదనే వర్గం ఒకటి, కత్తిలోకి చేరడమే మోక్షం అనే వర్గం ఇంకొకటి. బొగ్గు కోసం పరాయివాళ్ల ఎముకలు వాడితే తప్పులేదనే మూడో వర్గం కూడా పుడుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైంది అదే.

లెక్కలోకి రాని చావులు

ఈ రకం కథలు ఎక్కువగా తప్పు చేసేది ఒక చోట ఉంది. చావును కొలిచే దేశం అంటారు. కానీ ఎవరి చావుని?

ఫు హావో రాణితోపాటు ఆ సమాధిలో 16 మంది మనుషుల్ని బలిచ్చి పెట్టారు. జెంగ్ ప్రభువు గంటల పక్కన 21 మంది స్త్రీల శవపేటికలున్నాయి, వాళ్లలో చాలామంది చిన్న వయసువాళ్లు. ఇప్పటి ఇరాక్‌లోని పాత ఉర్ నగరంలో క్రీ.పూ. 2500 ప్రాంతపు ఒక పెద్ద గుంతలో 74 మంది దొరికారు, వాళ్లలో 68 మంది ఆడవాళ్లు, తలల మీద నగలతో వరసల్లో ఉన్నారు. మొదటి చైనా చక్రవర్తి చిన్ షి హ్వాంగ్ సమాధి గురించి చరిత్రకారుడు సిమా చియాన్ రాసింది చదివితే ఇంకా బాధ కలుగుతుంది: లోపల పాదరసంతో నదులు పారించారట, సమాధి రహస్యాలు తెలిసిన పనివాళ్లను లోపలే ఉంచి తలుపులు మూసేశారట. పాదరసం మాట కట్టుకథ అనుకోవడానికి లేదు, ఆ దిబ్బ మీది మట్టిలో పాదరసం ఎక్కువగా ఉందని పరీక్షల్లో తేలింది.

లోహం తనంతట తాను కూడా చంపుతుంది. రాగి ఖనిజాల్లో తరచుగా ఆర్సెనిక్ ఉంటుంది, అది రాగిని గట్టిపరుస్తుంది, కరిగించేటప్పుడు పొగగా లేచి పనివాడి ఒంట్లో చేరుతుంది. ఆల్ప్స్ మంచులో 1991లో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి దగ్గర రాగి గొడ్డలి ఉంది, జుట్టులో రాగి, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నాయి. అతను రాగి కరిగించే చోట తిరిగి ఉంటాడని కొందరి అభిప్రాయం. ఆర్సెనిక్ మెల్లగా నరాలను దెబ్బతీసి కాళ్లను బలహీనపరుస్తుంది. గ్రీకుల కమ్మరి దేవుడు హెఫైస్టస్ కుంటివాడు కావడానికి కారణం ఇదేనేమో అన్న ఊహ అందుకే వచ్చింది. ఉత్తర ఐరోపావాళ్ల నార్స్ కథలోని కమ్మరి వోలుండ్ కుంటితనానికి కారణం వేరు: పారిపోకుండా తన కోసమే పని చేస్తూ ఉండాలని రాజు అతని మోకాళ్ల నరాలు కోయించాడు. మోజుపడ్డ చేతిపని ఆ చేతులున్న మనిషికి ఏం తెచ్చిపెట్టిందో ఈ కథకన్నా సూటిగా చెప్పడం కష్టం.

పాదరసంతో బంగారు పూత వేసే పద్ధతి ఇంకా ఘోరమైంది. బంగారాన్ని పాదరసంలో కలిపి, వస్తువుకి పూసి, వేడి చేస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకుంటుంది. ఆ ఆవిరి పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ చర్చి గోపురానికి ఇలా పూత వేసినప్పుడు 60 మంది చనిపోయారని చెబుతారు. బొలీవియాలో పొటోసి దగ్గర 1545లో వెండి బయటపడ్డ సెరో రికో కొండకు ‘మనుషుల్ని తినే కొండ’ అనే పేరుంది. స్పెయిన్ పాలకులు చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసుల్ని వంతులవారీగా బలవంతాన ఆ గనుల్లోకి దించారు. ఇప్పటికీ అక్కడి గని కార్మికులు సొరంగం లోపల ఎల్ తియో అనే పాతాళ ప్రభువు బొమ్మకి కోకా ఆకులు, మద్యం సమర్పించి పనిలోకి దిగుతారు. కొండ బయట చర్చి, కొండ లోపల ఇంకో దేవుడు.

కాబట్టి చావుకి పేరుపడ్డ లోహ దేశంలో రెండు రకాల చావులుంటాయి. ఒకటి కంచు గంటలతో పూడ్చేది, రెండోది ఆ కంచు కోసం గనిలో కూలిపోయేది. మొదటిదాన్ని ఎంతో అందంగా వర్ణించి రెండోదాన్ని వదిలేసే కథ, ఆ దేశపు రాజవంశం తన గురించి తాను చెప్పుకునే అబద్ధాన్నే తిరిగి చెబుతోంది. గనిలో పోయినవాడి శవం పైకి తీస్తారా లేదా, అతనికి 400 గ్రాములు పెడతారా పెట్టరా అన్న ఒక్క వివరంతో ఆ దేశం మొత్తం తెలిసిపోతుంది.

శవాలు లేచి పనిచేస్తే

మంత్రంతో శవాలను లేపగలిగే ప్రపంచమైతే పై లెక్కలన్నీ మారతాయి. శవానికి ఊపిరి లేదు కాబట్టి ఆర్సెనిక్ పొగ, పాదరసపు ఆవిరి ఏమీ చెయ్యవు. గని కూలినా పోయేది రెండోసారి పోవడమే. పొరుగు దేశాలు చెయ్యలేని పనులు అక్కడ చవకవుతాయి, పాదరసపు బంగారు పూత అందులో మొదటిది. కూలికి వచ్చే బతికున్నవాళ్లకు మాత్రం పని ఉండదు. వాళ్లు అప్పుల్లో పడి, పోయాక తమ శవాన్ని పనికి ఇస్తామని ముందే రాసిచ్చే పరిస్థితి వస్తుంది. ఆ రాతకోతలు చూసుకునే ఆఫీసు, ఆ అప్పులు అమ్మే కొనే వ్యాపారులు వస్తారు. ఆ దేశంలో నిజమైన భయం శ్మశానంలో కన్నా ఆ ఆఫీసులోనే ఎక్కువ.

ఇంకా లోతైన మార్పు విద్య విషయంలో వస్తుంది. లోహపు పని పుస్తకాల్లో ఇమడదు. నిప్పు రంగు చూసి వేడి పసిగట్టడం, నీళ్లలో ముంచినప్పుడు వచ్చే శబ్దం విని పదును తెలుసుకోవడం చేతినుంచి చేతికే వెళతాయి. మూసలో కరిగించి చేసిన వుట్జ్ ఉక్కు దక్షిణ భారతదేశం, శ్రీలంకల నుంచి పశ్చిమాసియాకి వెళ్లేది, నీటి అలల్లాంటి గీతలున్న డమాస్కస్ కత్తులు దానితోనే అయ్యేవి. 18, 19 శతాబ్దాల్లో ఆ పని ఆగిపోయింది. మళ్లీ ఆ గీతలు రాబట్టడానికి చాలా ప్రయోగాలు జరిగాయి, ఖనిజంలో అతి కొద్దిగా ఉండే వనాడియం లాంటి లోహాలు అందుకు కారణమని తేల్చడానికి ఆధునిక ప్రయోగశాలలు కావాల్సి వచ్చింది. పాత కమ్మరికి వనాడియం పేరు తెలీదు, ఏ ఊరి ఖనిజం బాగుంటుందో తెలుసు. అది చెప్పేవాళ్లు పోయాక అడగడానికి ఎవరూ లేరు.

పోయినవాళ్లను అడగగలిగే దేశంలో ఈ నష్టం ఉండదు. 300 ఏళ్ల కిందటి గురువు ఇంకా కొలిమి పక్కనే ఉంటాడు. ఆ దేశపు లోహానికి సాటి లేకపోవడానికి ఇంతకన్నా బలమైన కారణం ఊహించడం కష్టం. కానీ చనిపోయిన గురువు పదవి వదలడు. ఏ నిప్పు రంగు దగ్గర లోహాన్ని బయటికి తియ్యాలో ఆయనే చెబుతాడు, కత్తి మీద ముద్ర ఆయనదే పడుతుంది. కొత్త ఖనిజం దొరికితే, కొత్త పద్ధతి ఎవరికైనా తోస్తే, ఒప్పుకోవాల్సింది దాన్ని ఎన్నడూ చూడని మనిషి. యాభై ఏళ్లు నిండిన శిష్యుడు ఇంకా తిత్తి ఊదుతూనే ఉంటాడు. అలాంటి కొలుముల్లోంచి రాత్రికి రాత్రి మూసలు, పనిముట్లు మూటగట్టుకుని సరిహద్దు దాటేవాళ్లు తప్పకుండా ఉంటారు. పొరుగు రాజ్యాల్లో ముద్ర లేని కత్తులు చెయ్యడం మొదలుపెట్టేది వాళ్లే.